మూసీ ఒడ్డున ఎవరివీ కాని గుర్రాలు

వేసవి సెలవులన్నీ హైదరాబాద్‌లో గుర్రాల బొమ్మలు గీస్తూ గడిపి వచ్చానంటే మా తునిలో ఎవరూ నమ్మలేదు. "రేసుకోర్సుకా టీచర్ గారూ?" అని స్టాఫ్ రూములో అడిగారు. "జూకా వదినా?" అంది మా ఆడపడుచు. రెండూ కాదు. పాతబస్తీలో, బహదూర్‌పురా వెనక, మూసీ ఒడ్డున ఎవరింటికీ చెందని గుర్రాలు కొన్ని గుంపులుగా బతుకుతున్నాయి. వాటిలో ఒక్క పిల్ల తప్ప మిగతావన్నీ ఒకప్పుడు పెళ్లికొడుకుల్ని మోసినవే. వాటిని చూసి, గీసి, రాసి రావడానికి వెళ్లాను. వారం రోజుల పనన్నారు. బడి తెరిచే దాకా ఉండిపోయాను. మనసుకు హాయినిచ్చే యాత్ర కాదిది. ఆ మాట ముందే చెప్పేస్తే మంచిది.

దబీర్‌పురాలో పొరపాటు

కాచిగూడలో పెద్ద రైలు దిగి లోకల్ రైలెక్కాను. యాకుత్‌పురాలో దిగమని నా పాత స్నేహితురాలు శారద ఒకటికి రెండుసార్లు చెప్పింది. కిటికీలోంచి బోర్డు సగమే కనిపించి, "పురా" అన్న అక్షరాలు చూడగానే దిగేశాను. రైలు కదిలాక చూస్తే అది దబీర్‌పురా.

ప్లాట్‌ఫాం మీద మల్లెపూల బుట్టతో కూర్చున్న ఒక ముసలామె నా మొహం చూసి విషయం పసిగట్టేసింది. "యాకుత్‌పురా అగ్లా స్టేషన్ బేటీ. ఫికర్ జేయకు, ఆటోల పోతే ఎంత సేపు" అంది. పూలు కొనమని అడగలేదు. నేనే ఒక మూర కొన్నాను. మా వైపు పూలు మూర వేసేటప్పుడు చెయ్యి కుదించి వేస్తారు. ఈమె మోచేయి దాటించి మరీ తెంపింది.

ఆటో నడిపే కుర్రాడు దారంతా ప్రశ్నలే. ఏ ఊరు, ఏం పని, ఎన్ని రోజులు. గుర్రాల కోసమన్నాను.

"బారాత్‌కా మేడం? ఎవలది షాదీ?"

"పెళ్లి లేదు బాబూ. ఉత్త గుర్రాలే."

"నా షాదీకి నేనూ ఎక్కిన" అని పకపకా నవ్వాడు. "పటాకులు పేలంగనే ఉరికింది. నేను కింద, మొహానికి కట్టిన పూల సెహ్రా దాని మీద. మస్తు లొల్లి అయింది."

"గుర్రం ఏమైంది?"

అద్దంలోంచి నా వైపు వింతగా చూశాడు. "గుర్రమా? ఏమో మేడం. ఎవరు చూసిన్రు?"

యాకుత్‌పురా, శారద ఇల్లు

శారదా నేనూ డ్రాయింగ్ ట్రైనింగ్‌లో ఒకే గదిలో ఉన్నాం. ఆమె టీచరు కాలేదు, ఒక ఆఫీసులో ఉద్యోగం చేసుకుంటోంది. ఆదివారాలూ సెలవురోజులూ దెబ్బ తగిలిన పశువుల కోసం తిరిగే నలుగురైదుగురు స్నేహితులతో కలిసి పనిచేస్తుంది. వాళ్ల కుటుంబం తరతరాలుగా ఆ వీధి చివరి గుడిలోనే అర్చకత్వం చేస్తోంది. నేను వెళ్లేసరికి వాళ్ల నాన్నగారు పూజ ముగించి, విభూతి ఆరకముందే గుమ్మంలో కూర్చుని ఉర్దూ పేపరు చదువుతున్నారు. నేను కళ్లప్పగించి చూస్తుంటే నవ్వి, "మా చదువంత గిదేనమ్మా. తెలుగు తర్వాత నేర్సుకున్న" అన్నారు.

భోజనంలో పచ్చిపులుసు పెట్టారు. మా ఇళ్లలో పులుసు అంటే పొయ్యి మీద మరగాల్సిందే. ఇక్కడ చింతపండు రసంలో ఉల్లిపాయ పిసికి, పోపు తగిలించి అలాగే పోసేస్తారు. ఆ ఎండలో అదే ప్రాణం నిలబెట్టింది.

అన్నం తింటూండగా శారద సంగతి వివరంగా చెప్పింది. ఇప్పుడు పెళ్లికొడుకులు గుర్రాలు దిగి పైకప్పు తెరిచే కార్లు ఎక్కుతున్నారు. గిరాకీ తగ్గింది. దాణా ధర పెరిగింది. మోకాలు పోయిన గుర్రాన్నీ, చూపు మందగించిన గుర్రాన్నీ కూర్చోబెట్టి మేపే స్తోమత ఎవరికీ లేదు. అలాంటివాటిని ఎవరూ చూడకుండా నది ఒడ్డున వదిలేస్తున్నారు. అవి చావకుండా బతికి గుంపులయ్యాయి. అవి గడ్డి తినేస్తున్నాయనీ, ఎవరినో తన్నాయనీ ఫిర్యాదులు వెళ్లాయి. పట్టి కాంట్రాక్టరుకు అప్పగించేస్తామన్నారు అధికారులు.

"కాంట్రాక్టరు ఏం చేస్తాడు?"

శారద పచ్చిపులుసు గిన్నె నా వైపు జరిపింది. వాళ్ల అమ్మగారు నా విస్తట్లో ఇంకాస్త అన్నం వడ్డించారు.

శారద వాళ్లు తిరిగి తిరిగి ఒక అధికారిని ఒప్పించారట. ఏ గుర్రం ఏ గుంపులోది, దాని గుర్తులేమిటి, ఆరోగ్యం ఎలా ఉంది, ఏది చూలుతో ఉంది, ఇవన్నీ తెలిస్తే గుంపు చెదరకుండా ఊరి బయట ఒక ఆశ్రయానికి పంపుతామన్నాడు. మగవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే సంఖ్య కూడా పెరగదు. ఫోటోలు తీసి చూశారు. ఎండలో తెల్ల గుర్రాలన్నీ ఒకేలా వచ్చాయి. అందుకని నన్ను పిలిచింది.

వాళ్ల నాన్నగారు చేయి కడుక్కుంటూ అన్నారు: "మా స్వామికి అశ్వవాహనం ఉన్నది, చెక్కది. పాతగైతె రంగు వేయిస్తం. పానమున్న గుర్రం పాతగైతె మాత్రం నదిల ఇడుస్తున్నరు."

ఒడ్డు మీద

మూసీ అనగానే నేను నీళ్లు ఊహించుకున్నాను. అక్కడ కనిపించింది పచ్చదనం. మురుగు మీద పెరిగిన గడ్డి నడుమెత్తు ఉంది. మధ్యలో నల్లటి పాయ, దాని మీద సబ్బు నురగ. మొదటి రోజు ఆ వాసనకు తల తిరిగింది. మూడో రోజుకి అలవాటైపోయింది, అదే నాకు భయమేసింది. పొద్దున్నే ఆ గడ్డి కోసి మోపులు కట్టి పాతబస్తీ బర్రెలకు వేస్తారు. ఆ పాలే టీ కొట్లకు వెళ్తాయి.

గుర్రాలు ముందు వినిపించాయి. ముక్కుతో గాలి ఊదే చప్పుడు. తరువాత గడ్డి కదిలి ఒక తెల్లని వీపు, దాని వెనక ఇంకొకటి, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా. ముందు నడిచేది ఒక ముసలి ఆడగుర్రం. ఒక చెవి నల్లగా ఉండడంతో శారద వాళ్లు దాన్ని నల్లచెవి అంటారు. అది తలెత్తితే అన్నీ ఆగుతాయి. అది నీళ్లకు దిగితే అన్నీ దిగుతాయి. మగ గుర్రం అన్నిటికన్నా వెనక నడుస్తూ, ఎవరైనా వెనకబడితే మెడ నేలకు వాల్చి పామల్లే ఊపుతూ తరుముతుంది. అల్లంత దూరంలో రెండో గుంపు తన వంతు కోసం నిలబడి ఉంది. మొదటి గుంపు తాగి ఒడ్డెక్కే దాకా అవి కదల్లేదు. ఈ కట్టుబాటు వాటికి ఎవరు నేర్పారు? పుట్టినప్పటి నుంచి తాళ్లతో ఉన్నవే కదా అన్నీ!

అప్పుడే జూ వైపు నుంచి సింహం అరుపు వినిపించింది. గుర్రాలన్నీ ఒక్క క్షణం రాళ్లలా బిగుసుకున్నాయి. పిల్ల తల్లి పొట్ట కిందికి దూరింది. ఆ పిల్ల కాటుక రంగులో ఉంది. తెల్ల గుర్రాల పిల్లలు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ తెల్లబడతాయని శారద చెబితే తెలిసింది.

అది చూస్తూ అడుగు వేసి, మోకాలి దాకా బురదలో దిగిపోయాను. చెప్పు అక్కడే ఉండిపోయింది. లాగుతూ అవస్థ పడుతుంటే వెనక నుంచి ఒక గొంతు.

"ఫోటోలు దీస్కొని పోతరు. ఎవ్వరొచ్చినా గంతే."

కొడవలి పట్టుకుని ఒకతను నిలబడి ఉన్నాడు, పేరు మల్లేష్. తాతల నాటి నుంచి అక్కడే పాల వ్యాపారం వాళ్లది. చేయి అందించి నన్ను బయటికి లాగాడు కానీ, మాట మెత్తబడలేదు.

"ఆ కుంటిది ఉన్నది చూడుండ్రి, పిల్లతల్లి. ఈనే దినాలల్ల ఉన్న నా బర్రెను తన్నింది. దూడ కడుపుల్నే పోయింది. మీ గుర్రాలకైతే అందరొస్తరు. నా దూడ కోసం ఎవరొచ్చిన్రు?"

గట్టు మీది ఇంట్లోంచి వాళ్లమ్మ బాలమ్మ కేకేసింది: "వాని లొల్లి గట్లనే ఉంటది. రా బిడ్డా, కాళ్లు కడుక్కో." బర్రెల కొట్టం పక్కన కూర్చోబెట్టి, మీగడ తేలే టీ ఇచ్చింది. మా వైపు టీలో నీళ్లే ఎక్కువ. ఇక్కడ నీళ్లు పోస్తే పరువు తక్కువట. తాగుతుంటే ఆమె కొడుకు వినకుండా నా చెవిలో చెప్పింది, "ఆ కుంటిదానికి నేనే పొద్దుగాల బకెట్ల నీళ్లు పెడ్త. పసిపిల్లతల్లి గదా. వానికి చెప్పకు."

మచ్చలు

బడిలో పిల్లలకు గుర్రం బొమ్మ నేర్పేటప్పుడు మెడ వంపూ జూలూ తోకా చెప్పేదాన్ని. ఇక్కడ గీయాల్సింది అవి కావు. తెల్ల గుర్రాన్ని తెల్ల గుర్రం నుంచి వేరు చేసేవి దాని మచ్చలే. నోటి మూలల్లో కళ్లెం కోసిన గీతలు. జీను రాసి రాసి వెంట్రుక మొలవని వీపు. పక్కల మీద బాణసంచా నిప్పురవ్వలు పడిన నల్లటి చుక్కలు. కాలి మడమ పైన తాడు కోసిన ఉంగరం. ఒకదానికి తొడ మీద ఏదో మండేది పోసిన ఆనవాలు, చర్మం కరిగి కిందికి జారి గట్టిపడింది. అది మూసీకి వచ్చాక జరిగిందట. ఎవరు పోశారో తెలియదు. ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడుతూ పోతే కొన్ని బొమ్మల్లో గుర్రం కన్నా ఎరుపే ఎక్కువైంది.

పిల్ల బొమ్మ మీద మాత్రం ఎర్ర పెన్సిలు ఆనలేదు.

మధ్యాహ్నం ఎండకు అవి రెండేసి చొప్పున తలా తోకా తారుమారుగా నిలబడి, ఒకదాని మొహం మీది ఈగలను ఇంకొకటి తోకతో తోలేవి. నేను చెట్టు నీడలో కూర్చుని గీసేదాన్ని. ఆకలేస్తే రోడ్డు మీదికి వెళ్లి, ఇరవై రూపాయల ఇరానీ టీలో బిస్కట్టు ముంచుకుని తినేదాన్ని. గుర్రాల మేడం అని కొట్టువాడు పేరు పెట్టాడు.

కుంటి గుర్రాన్ని గీసే వంతు వచ్చినప్పుడు దాని వెనక కాలి లోపలి వైపు ఏదో కనిపించింది. పూసల దండ తోలు కింద పెట్టినట్టు వరుసగా బొబ్బలు. ఒకటి పగిలి తేనె రంగు రసి కారుతోంది. ఒక ముక్కుపుటం నుంచి పచ్చటి చీమిడి. ఇది ఏ గుర్తు కింద రాయాలి అని శారదను అడిగాను. ఆమె ఆ రోజు వెంట వచ్చిన పశువుల డాక్టరును పిలిచింది. నవీన్ అని, చిన్న వయసే, అప్పటి దాకా జోకులు వేస్తున్నారు. బైనాక్యులర్ కళ్లకు పెట్టుకున్నారు, ఇక దించలేదు.

"దీన్ని ఎవరన్న టచ్ చేసిన్రా?" అన్నారు చివరికి.

నాకు బాలమ్మ బకెట్టు గుర్తొచ్చి, చెప్పక తప్పలేదు.

అది గ్లాండర్స్ కావచ్చన్నారు. గుర్రాల నుంచి మనుషులకూ అంటే జబ్బు. రక్తపరీక్ష చేస్తేగాని తేలదు. తేలితే వైద్యం లేదు. చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపాల్సిందే. మిగతావాటిని కంచె వేసి ఆపాలి, పరీక్షలన్నీ అయ్యే దాకా ఎక్కడికీ తరలించకూడదు.

"పరీక్ష చేయకపోతే?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"చేయకపోతే రేపు మిగిలినయన్ని పోతయి మేడం. ఆ అమ్మ కూడ పోవచ్చు."

మల్లేష్ మా వెనకే నిలబడి విన్నాడు. కొడవలి కింద పడేసి ఇంట్లోకి పరిగెత్తాడు. తల్లిని కేకలేయడం వినిపించింది. తరువాత కేకలు ఆగిపోయి, వాడి ఏడుపు వినిపించింది.

యూసుఫ్ భాయ్ తబేలా

రక్తం తీయాలంటే పట్టుకోవాలి. మత్తుసూది తుపాకీతో కొట్టవచ్చు కానీ, ఆ కుంటికాలితో బురదలో పరిగెత్తితే పడి కాలు విరుగుతుంది. దాన్ని పెంచినవాళ్లెవరో తెలిస్తే బాగుండునన్నారు డాక్టరు. శారద నాన్నగారు నా బొమ్మ తీసుకుని, ఉత్తరీయం సర్దుకుని, "పదండి, యూసుఫ్‌ను అడుగుదం" అన్నారు. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు అద్దెకిచ్చే మనిషి, ఆయనకు చిన్ననాటి నుంచి తెలిసినవాడు.

సందులో తబేలా. రేకుల కప్పు కింద మూడు తెల్ల గుర్రాలు, గోడకు వేలాడే జరీ జీనులు, ఈగలు. యూసుఫ్ భాయ్ అరవై దాటిన మనిషి. పంతులుగారిని చూసి లేచి కుర్చీ వేశాడు. ఇద్దరూ కాసేపు ఉర్దూలో కుశలాలు చెప్పుకున్నారు. పంతులుగారు నా బొమ్మ ఆయన చేతికిచ్చారు. వేలితో దాని నోటి మూల మచ్చను తడిమాడు.

"చాందినీ" అన్నాడు. "నాదే పంతులూ. ఎందుకు అబద్ధం. మోకాలు పోయింది, డాక్టర్ నయం కాదన్నడు. నా దగ్గర ఉంటే దాని బాధ రోజూ చూడాలె గదా. అందుకే ఒడ్డు మీద ఇడిసొచ్చిన."

జబ్బు సంగతి చెప్పాం. వెనక పరదా దగ్గర నిలబడ్డ ఆయన భార్య అందుకుంది. "నక్కో జీ, వద్దు. మీరు పోయి నాదే అంటే ఇక్కడికొస్తరు. ఈ మూడిటికి కూడ రక్తం తీస్తరు. తబేలా బంద్ చేస్తరు. షాదీల సీజన్ నడుస్తుంది."

ఆమె చెప్పింది నిజమే. డాక్టరు ఆ సంగతి మాకు ముందే చెప్పారు. యూసుఫ్ భాయ్ మాకు టీ తెప్పించాడు. మేము తాగేసి వచ్చేశాం. రాడని శారద అంది. నేనూ అదే అనుకున్నాను.

మర్నాడు పొద్దున మేము ఒడ్డుకు చేరేసరికి ఆయన అప్పటికే వచ్చి, తాడు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నేను రాకుంటే తుపాకీతో కొడతరు గదా" అన్నాడు మా వైపు చూడకుండా. "దానికి సప్పుడంటే మస్తు భయం."

చాందినీ

డాక్టరు ఆయనకు చేతులకు గ్లౌజులు, మొహానికి మాస్కు వేయించారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. యూసుఫ్ భాయ్ గడ్డి అంచు దాకా వెళ్లి, నాలుకతో టక్ టక్‌మని చప్పుడు చేసి రమ్మని పిలిచాడు.

"ఆ... చాందినీ... ఆ మేరీ అమ్మా, ఆ."

కుంటి గుర్రం తలెత్తింది. చెవులు రెండూ ముందుకు తిరిగాయి. వెంటనే మగ గుర్రం మెడ వాల్చి అడ్డం వచ్చి దాన్ని వెనక్కి తోలింది. అది రెండడుగులు వెనక్కి వేసి, ఆగి, చుట్టూ తిరిగి మళ్లీ వచ్చింది. మగది కరిచింది. అయినా ఆగలేదు. కుంటుతూ, ఆగుతూ, గడ్డి దాటి ఆయన ముందుకొచ్చి నిలబడింది. పిల్ల సగం దూరం దాకా వెంట వచ్చి ఆగిపోయింది.

గ్లౌజుల వాసన చూసి గుర్రం తల వెనక్కి లాక్కుంది. యూసుఫ్ భాయ్ మాస్కు కిందికి దించబోయాడు. "భాయ్!" అని డాక్టరు అరిచారు. ఆయన చెయ్యి దించేసి, మాస్కు వెనక నుంచే ఏదో చెబుతూ పోయాడు. మాటలు నాకు అర్థం కాలేదు. గుర్రానికి అర్థమయ్యాయి. తాడు వేయించుకుంది. సూది గుచ్చినప్పుడు చర్మం వణికిందంతే.

ఏళ్ల తరబడి ఎవరి మాటా వినకుండా బతికిన జంతువు, తనను వదిలేసి పోయిన మనిషి పిలవగానే వచ్చింది. ఇందులో సంతోషించడానికేమన్నా ఉందా అని నేను చాలా రోజులు ఆలోచించాను. నాకైతే కనిపించలేదు.

ఎదురుచూపులు

రక్తం దూరాన ఉత్తరాదికి పరీక్షకు వెళ్లింది. ఈలోగా ఒడ్డు ఎగువన, ఎత్తు మీద కంచె కట్టి రెండు గుంపుల్నీ రెండు అరల్లోకి తోలారు. చాందినీని విడిగా ఉంచారు. తోలే రోజున ఎండ నిప్పులు చెరిగింది. రెండో గుంపులో గుడ్డిది ఒకటి కంచెకు కొట్టుకుని కొట్టుకుని పడిపోయి, సాయంత్రానికి చచ్చిపోయింది. దాని బొమ్మ నా దగ్గరుంది. బతికించడానికని మేము మొదలుపెట్టిన పనిలో చచ్చిపోయిన మొదటిది అదే.

బాలమ్మ రక్తం కూడా తీసుకెళ్లారు. టీ కొట్లవాళ్లకు తెలిసి ఆ ఇంటి పాలు తీసుకోవడం మానేశారు. పాలకూ ఈ జబ్బుకూ సంబంధం లేదని డాక్టరు కొట్టు కొట్టుకూ తిరిగి చెప్పినా వినలేదు. మల్లేష్ పాలు తెచ్చి నది పాయలో పారబోసేవాడు. నేను వెళ్తే పలకరించేవాడు కాదు. బాలమ్మ మాత్రం దూరంగా పీట వేయించి కూర్చోమనేది.

"నాకు జరం లేదు, దగ్గు లేదు. ఊకె భయపెడ్తున్నరు" అనేది. మళ్లీ, "నీళ్లు పెట్టుడు కూడ తప్పేనా బిడ్డా?" అని అడిగేది.

ముందు బాలమ్మ ఫలితం వచ్చింది. ఏమీ లేదు. ఆ రోజు మల్లేష్ మాకందరికీ జున్ను పంపాడు. దాన్ని తింటూ ఉండగానే డాక్టరుకు రెండో ఫోను వచ్చింది. మొహం చూడగానే చెంచాలు కింద పెట్టేశాం.

సున్నం

గొయ్యి ముందు రోజే తవ్వించారు. పక్కన సున్నం బస్తాలు. తెల్లవారుతుండగా మేమందరం చేరాం. యూసుఫ్ భాయ్ తబేలాకు అప్పటికే నోటీసు అంటించారు. మూడు గుర్రాలూ లోపలే, ఒప్పుకున్న పెళ్లిళ్లన్నీ పోయాయి. ఆయన భార్య మాట్లాడడం మానేసిందట. అయినా వచ్చాడు. గుర్రం తల పట్టుకోవడానికి డాక్టరు వేరే మనిషిని తెచ్చారు కానీ, నేనే పట్టుకుంటానన్నాడు.

మేము ఊహించనిది మల్లేష్ రావడం. చంకలో లేత గడ్డి మోపుతో వచ్చాడు. బర్రెలకు కూడా వేయనంత లేతది. డాక్టరు ఆపితే, దూరం నుంచే విసిరాడు.

"దూడ దీని వల్లనే పోయింది" అన్నాడు నాతో. నాతో మాట్లాడడం చాలా రోజుల తరువాత అదే మొదలు. "అయినా ఆకలితోని పోవద్దు గదా."

చాందినీ తింటోంది. యూసుఫ్ భాయ్ చెవి వెనక గోకుతూ మాట్లాడుతున్నాడు. మొదటి సూదికి దాని తల బరువెక్కి ఆయన భుజం మీద వాలింది. రెండో సూదికి ముందుకాళ్లు మడిచింది, మోకాలు నొప్పి ఉన్న కాలిని జాగ్రత్తగా చివర మడిచింది. ఆయన దానితోపాటే నేల మీదికి వంగాడు. నోట్లో గడ్డి అలాగే ఉంది.

కంచె అవతల పిల్ల ఒక్కసారి అరిచింది. నల్లచెవి వచ్చి దానికీ మాకూ మధ్య అడ్డంగా నిలబడింది.

తాడు తీయమంటారా, కాల్చేయాలి కదా అని డాక్టరు మనిషి అడిగాడు. యూసుఫ్ భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఇడిసినప్పుడు తాడు తీసుకొని పోయిన సాబ్, మల్ల పనికొస్తదని. గీసారి ఉండనీ." దాన్ని అలాగే దించి సున్నం పోశారు. తెల్ల గుర్రం మీద తెల్ల సున్నం. గీయడానికి నా దగ్గర రంగు లేదు. గీయలేదు కూడా.

లారీ

మిగతా గుర్రాలకు పరీక్షలు రెండు విడతలుగా జరిగాయి. ఒక్కదానికీ జబ్బు లేదు. యూసుఫ్ భాయ్ మూడు గుర్రాలూ బాగున్నాయి. అప్పటికి పెళ్లిళ్ల కాలం దాదాపు అయిపోయింది.

లారీ ఎక్కించే రోజుకు నా సెలవులు ముగింపుకొచ్చాయి. గుంపులు కలవకుండా రెండు లారీలు తెచ్చారు. నా బొమ్మలు చూసుకుంటూ శారద ఒక్కొక్కదాన్నీ పేరుతో పిలిచి ఎక్కించింది. కళ్లెం మచ్చలున్నవన్నీ తాడు మెడ మీద పడగానే తలొంచుకుని ఎక్కేశాయి. మూసీ గడ్డిలో అంత పొగరుగా తిరిగిన మగ గుర్రం కూడా. అదొక్కటి చూడలేకపోయాను.

పిల్ల మాత్రం ఎక్కలేదు. లారీకి ఆనించిన బల్ల దాకా వచ్చి వాసన చూసి వెనక్కి పరిగెత్తేది. డ్రైవరు హారన్ కొట్టాడు. వచ్చిన అధికారి గడియారం చూసుకుని, "తాడేసి గుంజు భాయ్, చిన్న పోరి అంతనే ఉంది, ఎంత సేపు" అన్నాడు.

యూసుఫ్ భాయ్ చేతిలో తాడు ఉంది. "దీని మెడకు గిప్పటిదాంక తాడు తగల్లే సాబ్. నేనైతే వెయ్య" అన్నాడు. తాడు దూరంగా పెట్టేసి, బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. ఎండ ఎక్కింది. అధికారి విసుక్కుని టీకి వెళ్లాడు. నల్లచెవి లారీలోంచి తల బయటపెట్టి, గొంతులోనే చిన్నగా పిలిచింది. చాలాసేపటికి పిల్ల ఒక కాలు బల్ల మీద పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. ఎక్కింది.

యూసుఫ్ భాయ్ లేచి, దుమ్ము దులుపుకుని, మాకు సలాం చెప్పి నడిచి వెళ్లిపోయాడు.

మర్నాడు రైలెక్కే ముందు బాలమ్మకు చెప్పి వద్దామని ఒక్కదాన్నే బహదూర్‌పురా వెళ్లాను. కంచె విప్పేస్తున్నారు. మల్లేష్ గడ్డిలో దిగి కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలితో ఎగువకు చూపించాడు.

గట్టు మీద ఒక తెల్ల గుర్రం నిలబడి ఉంది. కొత్తది. జీను కట్టిన చోట చెమట మరక ఇంకా చెరగలేదు. కాళ్లకు పెళ్లి గోరింట రంగు. తాడు లేదు. గడ్డి వైపు చూడడం లేదు. వచ్చిన దారి వైపే మొహం పెట్టి, స్కూటరు చప్పుడైన ప్రతిసారీ చెవులు నిక్కిస్తోంది.

"పొద్దుగాల లేసేసరికి ఉన్నది బిడ్డా" అంది బాలమ్మ. ఈసారి ఆమె చేతిలో బకెట్టు లేదు.

రైలుకు ఇంకా సమయం ఉంది. నేను చెట్టు కింద కూర్చుని సంచీలోంచి పెన్సిళ్లు తీశాను.